మూగవోయిన అక్షరములు
(ఆంగ్లమున జి, హెచ్ ల జంటగల పదములు, వాని అర్థములు)

ఆంగ్లభాష నభ్యసించు మన బాలబాలికలకు ఎదురగు చిక్కులలో మొదటిది వ్యాకరణము కాదు, వర్ణక్రమము. తెలుగున 'క' ఎచ్చట నున్నను 'క' యే. గుణింతము నేర్చిన పిల్లవాడు అర్థము తెలియని పద్యమునైనను అక్షరము తప్పక చదువగలడు. ఆంగ్లమున ఈ సౌలభ్యము లేదు. వ్రాతలో ఉన్న అక్షరము పలుకుబడిలో ఉండదు. ఒకచోట ఒక విధముగ పలికిన అక్షరములే మరియొకచోట వేరొక విధముగ పలుకును.

ఇందుకు అందరును చూపు ఉదాహరణము ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరముల సముదాయము. వీనికి ముందు డి చేర్చిన 'డో' అగును. ఆర్ చేర్చిన 'రఫ్' అగును. సి చేర్చిన 'కాఫ్' అగును. బి చేర్చిన 'బౌ' అగును. అక్షరములు అవియే, ధ్వనులు నాలుగు! దీనిని చూచి, ఆంగ్లము నియమము లేని భాషయని తేల్చివేయువారు పలువురు గలరు.

ఈ అభిప్రాయము వలన రెండు నష్టములు కలుగుచున్నవి. నియమము లేదని నమ్మిన విద్యార్థి ఆలోచించుట మాని, ప్రతి పదమును గుడ్డిగా వల్లించుటకు పూనుకొనును. అది మొదటి నష్టము. 'మావాడు తెలుగు చదువుచున్నాడు గనుకనే వానికి ఆంగ్లము పట్టుబడుటలేదు' అని తల్లిదండ్రులు తలచి, పిల్లవానిని తెలుగు తరగతినుండి తప్పించుదురు. ఇది రెండవ నష్టము. పరభాషాప్రాంతమున తరతరములుగ నివసించుచు, మాతృభాషను బడి ద్వారా నిలుపుకొనుచున్న మనవంటివారికి ఈ రెండవ నష్టము చిన్నది కాదు. ఒక్కొక్క విద్యార్థి తగ్గినకొలది ఆ తరగతియే ప్రశ్నార్థకమగును.

కావున ఈ జి, హెచ్ ల జంటను గూర్చి రెండు సంగతులు చూపదలచితిని. మొదటిది, ఇందు నియమము కలదు. రెండవది, ఆ నియమమును గ్రహించుటకు మన తెలుగు చదువు అడ్డు కాదు, దారిదీపము.

పదములు – అర్థములు

మొదట ఓ, యు, జి, హెచ్ లు గల పదములను ధ్వనినిబట్టి వర్గములుగ విభజింతము.

ఒకటి: 'ఓ' అని పలుకునవి. ముందు టి, హెచ్ లు చేర్చిన 'దో' అనగా అయినప్పటికిని. దీనికే ముందు ఏ, ఎల్ లు చేర్చిన 'ఆల్దో' అనుదానికిని అదియే అర్థము. ముందు డి చేర్చిన 'డో' అనగా నీటితో తడిపి పిసికిన పిండిముద్ద; పూరీలకు, రొట్టెలకు మన ఇండ్లలో కలుపు పిండి ఇదియే.

రెండు: 'ఊ' అని పలుకునది. ముందు టి, హెచ్, ఆర్ లు చేర్చిన 'త్రూ' అనగా గుండా, ద్వారా.

మూడు: 'అఫ్' అని పలుకునవి. 'రఫ్' అనగా గరుకైన. 'టఫ్' అనగా గట్టిదైన, సులభముగ తెగని. 'ఇనఫ్' అనగా చాలినంత. 'స్లఫ్' అనగా పాము విడిచిన కుబుసము.

నాలుగు: 'ఆఫ్' అని పలుకునవి. 'కాఫ్' అనగా దగ్గు. 'ట్రాఫ్' అనగా పశువులకు కుడితి పోయు పొడవైన తొట్టి. సముద్రమున రెండు అలల నడుమనుండు పల్లమునకును ఇదియే పేరు.

ఐదు: 'ఔ' అని పలుకునవి. 'బౌ' అనగా చెట్టు పెద్దకొమ్మ. 'ప్లౌ' అనగా నాగలి, దున్నుట. చివర టి చేరిన 'డ్రౌట్' అనగా అనావృష్టి. పైన కుబుసమని చెప్పిన పదమునే 'స్లౌ' అని పలికిన ఊబి, బురదపల్లము అని అర్థము. వ్రాత ఒకటే, పలుకును, అర్థమును వేరు.

ఆరు: చివర టి చేరి, 'ఆట్' అని పలుకునవి. 'బాట్' – కొనెను. 'బ్రాట్' – తెచ్చెను. 'థాట్' – తలచెను, తలపు. 'ఫాట్' – పోరాడెను. 'సాట్' – వెదకెను. 'రాట్' – పనితనముతో చేయబడిన. 'నాట్' – సున్న. ఏ అక్షరమును ముందు చేర్చని 'ఆట్' – చేయదగును, చేయవలయును. వీనిలో మొదటి రెంటిని మన పిల్లలు తారుమారు చేయుచుందురు. తెచ్చుట అను అర్థము గల 'బ్రింగ్' లో ఆర్ కలదు గనుక దాని భూతకాలరూపమునందును ఆర్ ఉండును; కొనుట అను అర్థము గల 'బై' లో ఆర్ లేదు గనుక దాని రూపమునందును ఉండదు. ఈ మాత్రము గుర్తుంచుకొనిన చాలును.

ఏడు: పదము చివర పొట్టిగ 'అ' అని పలుకునవి. 'థరా' అనగా సంపూర్ణమైన, లోపములేని. 'బరా' అనగా ప్రత్యేక పరిపాలన గల పట్టణము లేక పట్టణభాగము. అమెరికావారు వీనిని 'థరో', 'బరో' అని పలుకుదురు.

ఇవిగాక, ఎక్కిళ్లు అను అర్థము గల 'హికప్' అను పదమును కొందరు ఇవే నాలుగక్షరములతో ముగించి వ్రాయుట కలదు. అది దగ్గు అను పదముతో పోల్చుకొని పొరపాటున చేసిన కూర్పు. పలుకుబడి మాత్రము మారలేదు.

ఇక ఓ కు బదులు ఏ చేరిన పదములు. 'డాటర్' – కూతురు. 'కాట్' – పట్టుకొనెను. 'టాట్' – బోధించెను. 'స్లాటర్' – వధ. 'నాటీ' – అల్లరి చేయునట్టి. వీనిలో జి, హెచ్ లు మూగవి. కాని 'లాఫ్' అనగా నవ్వు, 'డ్రాఫ్ట్' అనగా గాలివాటు లేక ఒక గుక్క పానీయము. ఈ రెంటిలో మాత్రము ఎఫ్ ధ్వని వినబడును.

ఐ చేరిన పదములు అన్నింటికంటె సులభమైనవి. 'నైట్' – రాత్రి. 'లైట్' – వెలుగు, తేలికైన. 'రైట్' – సరియైన, కుడి, హక్కు. 'సైట్' – చూపు. 'మైట్' – బలము. 'ఫైట్' – పోరు. 'బ్రైట్' – ప్రకాశవంతమైన. 'టైట్' – బిగువైన. 'హై' – ఎత్తైన. ఈ వర్గమున జి, హెచ్ లు ఎన్నడును పలుకవు. ఐ మాత్రము దీర్ఘమై 'ఐ' అని తన పేరుతోనే పలుకును. ఇ, ఐ లు రెండును కలిసి ముందుండిన 'ఏ' అని పలుకును: 'ఎయిట్' – ఎనిమిది, 'వెయిట్' – బరువు, 'నెయిబర్' – ఇరుగుపొరుగువాడు, 'ఫ్రెయిట్' – రవాణా చేయు సరకు. ఎత్తు అను అర్థము గల 'హైట్', హస్తలాఘవమను అర్థము గల 'స్లైట్' ఈ నియమమునకు వెలియైనవి.

మూడు సూత్రములు

పై పదములన్నిటిని పరిశీలించిన మూడు సూత్రములు తేలును. పదము మొదట జి, హెచ్ లు వచ్చిన, అది 'గ' యే: భూతమను అర్థము గల 'గోస్ట్' వంటివి. ఎఫ్ వలె పలుకునవి నిత్యవ్యవహారమున ఎనిమిది మూలపదములు మాత్రమే: 'లాఫ్, కాఫ్, ట్రాఫ్, రఫ్, టఫ్, ఇనఫ్, స్లఫ్, డ్రాఫ్ట్'. తక్కిన స్వదేశీయపదములలో అది మూగ. ఎనిమిది పదములను నేర్చినచో వందకు తక్కువకాని పదముల పలుకుబడి చేతికి వచ్చుచుండగా, దీనిని నియమములేని భాష యనుట తగునా?

జి, హెచ్, ఓ, టి, ఐ అని వ్రాసి 'ఫిష్' అని చదువవచ్చునని ఒక చమత్కారము ప్రచారములో కలదు. ఇనఫ్ నుండి ఎఫ్ ధ్వనిని, స్త్రీలను అర్థము గల 'విమెన్' నుండి 'ఇ' ని, 'నేషన్' నుండి 'ష' ను తెచ్చి కూర్చిన కల్పన ఇది. దీనిని బెర్నార్డ్ షా కు అంటగట్టుట పరిపాటి. కాని షా జననము 1856. ఈ చమత్కారము 1855 నాటి యొక ఉత్తరముననే కనబడుచున్నది. అదియుగాక మన మొదటి సూత్రమునుబట్టి, పదము మొదట ఈ జంట ఎన్నడును ఎఫ్ కాజాలదు. హాస్యమునకు బాగుగనున్నను శాస్త్రమునకు నిలువదు.

పలుకక పోవుదానిని వ్రాయుట యేల?

ఇప్పుడు అసలు ప్రశ్న. పలుకని అక్షరములను ఆంగ్లేయులు ఏల వ్రాయుచున్నారు? సమాధానము సులభము. ఒకప్పుడు పలికెడివారు గనుక.

వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున రాత్రిని 'నిహ్త్' అనియు, కూతురును 'దోహ్తోర్' అనియు పలికెడివారు. నడుమనున్న ధ్వని మన 'హ' కంటె బరువైనది. నాలుక మొదలును అంగిటికి చేర్చి, గాలిని ఒరసికొనిపోనిచ్చిన పుట్టునది. మనకు ఇది పూర్తిగ అపరిచితము కాదు. 'అంతఃకరణము' అను మాటలో విసర్గమును సంస్కృత శిక్షాశాస్త్రము ననుసరించి పలికినచో వచ్చు ధ్వని ఇట్టిదే. శాస్త్రకారులు దీనికి జిహ్వామూలీయమని పేరిడిరి.

తొలుత ఆంగ్లేయులు ఈ ధ్వనిని హెచ్ అను ఒక్క అక్షరముతోనే వ్రాసెడివారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి పద్ధతులకు అలవడిన లేఖకుల చేతిలో వర్ణక్రమము క్రమముగ మారినది. ఆ మార్పులలో ఈ ధ్వనికి జి, హెచ్ ల జంట ఏర్పడినది. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయమును నెలకొల్పెను. చేతివ్రాతలో ఒక్కొక్కరొక్కొక్క విధముగ వ్రాయుచుండిన పదములు అచ్చులో కాలక్రమమున స్థిరపడసాగినవి. కాని వ్రాత స్థిరపడుచున్న కాలముననే పలుకుబడి కదలిపోయినది. సుమారు 15వ శతాబ్దినుండి 17వ శతాబ్దిలోపల, శిష్టుల ఆంగ్లమున ఈ ధ్వని మాసిపోయినది. అదేకాలమున దీర్ఘాచ్చులును స్థానము మార్చుకొనినవి. 'నిహ్త్' నడుమ ధ్వనిని కోల్పోయి 'నీట్' అయి, ఆ 'ఈ' క్రమముగ 'ఐ' అయి, నేటి 'నైట్' ఏర్పడినది. అచ్చుమూస మాత్రము పాతదే. ఇల్లు ఖాళీచేసి పోయినవాని పేరు వాకిటిపలక మీద మిగిలినట్లు, ధ్వని పోయినను అక్షరములు నిలిచినవి.

మరి కొన్నిట ఎఫ్ ఏల వచ్చినది? 'ఉ' వంటి అచ్చు తరువాత ఆ ధ్వనిని పలుకునపుడు పెదవులు గుండ్రముగ ముడుచుకొని యుండును. గొంతున ఒరయవలసిన గాలి పెదవులయొద్ద ఒరసిన ఎఫ్ వంటి ధ్వని పుట్టును. మన ప్రాచీనులు ఈ సామీప్యమును ఎరుగుదురు. విసర్గము క, ఖ ల ముందు జిహ్వామూలీయమనియు, ప, ఫ ల ముందు ఉపధ్మానీయమనియు, అనగా పెదవులనుండి ఊదబడునదనియు వారు విభజించిరి. ఇంగ్లండున ఒక్కొక్క మండలమున ఒక్కొక్క రీతిగ ఈ మార్పు జరిగినది. పిండిముద్దను ఉత్తరమండలములలో 'డఫ్' అనుట కలదు. ఆ రూపము నిఘంటువులకును ఎక్కినది. లండను శిష్టభాష కొన్ని పదములను ఒక మండలమునుండియు, కొన్నిటిని మరియొక మండలమునుండియు గైకొనెను. కావుననే 'డో' ఒక విధము, 'రఫ్' ఒక విధము.

స్కాట్లండు ప్రజల పలుకుబడిలో ఈ ప్రాచీనధ్వని నేటికిని వినబడును. జర్మనులును దానిని విడువలేదు. రాత్రి వారికి 'నాఖ్ట్', కూతురు 'టోఖ్టర్', ఎనిమిది 'ఆఖ్ట్', నవ్వుట 'లాఖెన్'. ఆంగ్లమున మూగవోయిన జి, హెచ్ లకు జర్మను భాష సాక్ష్యము చెప్పుచున్నది.

సంస్కృతపు సాక్ష్యము

ఈ సాక్ష్యము జర్మనీతో ఆగదు. మన పుస్తకములలోనికిని వచ్చును. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ యెదుట ప్రసంగించుచు, సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టి యుండవలెనని చెప్పెను. ఆంగ్లమును ఆ కుటుంబములోనిదే. కనుక ఆంగ్లపదమున మూగయై నిలిచిన జి, హెచ్ లకు సరియైన చోట, సంస్కృతపదమున ఒక ధ్వని సజీవముగ నుండవలెను. ఉన్నదా యని చూతము.

కూతురు అను అర్థము గల 'డాటర్' కు సంస్కృతమున 'దుహిత'. కూతురి కుమారుని మనము నేటికిని దౌహిత్రుడు అనుచున్నాము గదా! ఆంగ్లమున జి, హెచ్ లున్న చోటనే ఇచ్చట 'హ' కలదు. చెట్టుకొమ్మ అను అర్థము గల 'బౌ' కు సంస్కృతమున సోదరపదము 'బాహువు'. పూర్వాంగ్లమున ఆ పదమునకు భుజమను అర్థమును ఉండెడిది. కొమ్మ చెట్టుయొక్క చేయి. పిండిముద్ద అను అర్థము గల 'డో' కు సోదరపదము 'దేహము'. పూయుట, మెత్తి రూపొందించుట అను అర్థము గల ధాతువునుండి రెండును పుట్టినవి. బరువు తూచుట అను అర్థము గల 'వెయ్' కు సోదరధాతువు 'వహ'. వాహనమను మాట దానిది. మోయుటయే ఆ ఆంగ్లపదమునకును తొలి అర్థము. అన్నిటను జి, హెచ్ లకు సరిగ 'హ' యే!

ఇతరధ్వనులును కలవు. 'నైట్' కు 'నక్తము', 'ఎయిట్' కు 'అష్ట', సరియైనదను అర్థము గల 'రైట్' కు 'ఋజువు'. ఇక 'లైట్' అను పదమున ఒక వింత గలదు. వెలుగను అర్థముగల 'లైట్' 'రుచి, రోచిస్సు' అను కాంతివాచకములకు చుట్టము. తేలికయను అర్థముగల 'లైట్' 'లఘువు' నకు చుట్టము. వేర్వేరు ఇండ్లనుండి బయలుదేరిన రెండు పదములు నడచి నడచి ఒకే రూపమును ధరించినవి. అందుచేతనే నిఘంటువులు వానిని రెండు పదములుగ ముద్రించును.

ఇచ్చట విద్యార్థులు ఒక విషయమున జాగ్రత్తపడవలెను. ఆంగ్లేయులు ఈ మాటలను సంస్కృతమునుండి తీసికొనలేదు. రెండును ఒక పూర్వభాషకు సంతానములు. తెలుగో, అటుల కాదు. మన భాష తమిళ కన్నడములతో కూడిన ద్రావిడకుటుంబములోనిది. ఈ సత్యమును 1816లో మదరాసున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఉదాహరణపూర్వకముగ నిరూపించెను. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు అది పీఠికగ వెలువడినది. దౌహిత్రుడు, బాహువు, దేహము మనకు తత్సమములుగ వచ్చినవి. వచ్చినవైనను మనవైనవి, నేడు ఆంగ్లపు వర్ణక్రమమును విప్పి చెప్పుచున్నవి.

చొరబడిన జంటలు

ఈ జంట గల ప్రతిపదమును ప్రాచీనధ్వనికి గుర్తు కాదు. ఆనందమను అర్థముగల 'డిలైట్' ప్రాచీన ఫ్రెంచినుండి వచ్చినది. దానిలో జి, హెచ్ లు ఎన్నడును లేవు. 'లైట్', 'నైట్' ల వలె పలుకుచున్నదని 16వ శతాబ్దిలో లేఖకులు వానిని చేర్చిరి. 'గోస్ట్' లోని హెచ్ సైతము తరువాత చేరినదే. కాక్స్టన్ బెల్జియం ప్రాంతపు బ్రూజ్ నగరమున బహుకాలము నివసించినవాడు. ఆ దేశపు వ్రాతపద్ధతి అతని అచ్చుకూటము ద్వారా ఈ పదమున ప్రవేశించెనని పండితులు చెప్పుదురు.

మూడవరకము మనదేశమునుండి పోయినది. నెయ్యి అను అర్థముగల 'ఘీ', స్నానఘట్టమను అర్థముగల 'ఘాట్' అను మాటలు హిందీ మొదలగు భాషలనుండి ఆంగ్లనిఘంటువున చేరినవి. వానిలోని జి, హెచ్ లు మన 'ఘ' కు బదులుగ వ్రాసినవి. ఆంగ్లేయుడు మాత్రము 'గ' అనియే పలుకును. ఘృతమున ఒత్తును కోల్పోయినది ఆంగ్లేయుని నాలుకయే. ఆ పదమును సరిగ పలుకగలవారము మనము.

మన యింటిలోని మూగ అక్షరములు

పలుకనిదానిని వ్రాయుట ఆంగ్లేయుల వింత యని మనము నవ్వుకొనరాదు. మన తెలుగునను అట్టివి గలవు.

పాత తెలుగు పుస్తకములు తెరచినచో మూఁడు, వాఁడు, దాఁటు, వేఁడు, తూఁగు అని అరసున్నలతో అచ్చువేసి యుండును. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున దీనికి సూత్రములు చెప్పెను. పండితులు దీనిని ఖండబిందువు అందురు. నేడు ఎవరును దీనిని పలుకరు; వ్రాయువారును అరుదు. మరి ఇది ఏల వచ్చినది? మన యిరుగుపొరుగువారిని అడుగుడు. మూఁడు తమిళమున మూన్ఱు, దాఁటు తాండు, వేఁడు వేండు, తూఁగు తూంగు. మనము పోగొట్టుకొనిన అనునాసికము తమిళుని నోట నేటికిని మ్రోగుచున్నది! అరసున్న ఆ ధ్వనియొక్క గుర్తు.

బండి ఱ కథయు నిదియే. ఆఱు, నూఱు, మాఱు అనునవి పూర్వము శకటరేఫముతో వ్రాయబడినవి; ఊరు, పేరు అనునవి సాధారణరేఫముతో వ్రాయబడినవి. మనకు నేడు రెండును ఒక్కటియే. తమిళమున మాత్రము ఈ రెండు రకారములకు వేర్వేరు అక్షరములు నేటికిని వాడుకలో నున్నవి. ఆఱు, నూఱు అను మాటలను ఒకదానితోను, ఊరును మరొకదానితోను వ్రాయుదురు. తమిళనాట పెరుగుచు వీథిలోను బడిలోను తమిళము నేర్చిన మన తెలుగు బాలుడు, ఏ పదమున బండి ఱ ఉండవలెనో ఎట్టి పట్టికయు లేకయే చాలవరకు చెప్పగలడు. ఆంధ్రదేశమున పుట్టి పెరిగిన విద్యార్థికి ఈ సదుపాయము లేదు.

ఆంగ్లమునకు జర్మను ఎట్టిదో, ఈ విషయమున తెలుగునకు తమిళము అట్టిది. పోయిన ధ్వనికి తోబుట్టువు సాక్షి.

దిద్దుబాటు ప్రయత్నములు

మనవారు వ్రాతను పలుకుబడికి చేరువ చేసిరి. నేడు ఒడిస్సాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940), బడిలో నేర్పు భాష వాడుకకు దూరము కారాదని జీవితాంతము పోరాడిరి. పరభాషాప్రాంతమున మిగిలిన తెలుగుగడ్డనుండి అట్టి ఉద్యమము బయలుదేరుట మనకు గర్వకారణము.

ఆంగ్లమునను సంస్కర్తలు లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువున, 1828లో, నాగలి అను పదమునకు యు, జి, హెచ్ లను తీసివేసి డబ్ల్యు పెట్టెను. అమెరికావారు నేటికిని అట్లే వ్రాయుదురు. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూడువందల పదములను సులభమైన వర్ణక్రమముతో అచ్చువేయవలెనని ప్రభుత్వ ముద్రణాలయమునకు ఉత్తరువిచ్చెను. 'త్రూ' ను నాలుగక్షరములతో ముగించుట అందులో నొకటి. శాసనసభ్యులు ఎదిరింపగా ఆ సంవత్సరముననే ఉత్తరువు వెనుకకు పోయినది. 1950లో మరణించిన బెర్నార్డ్ షా కొత్త లిపి కొఱకు తన మరణశాసనమున ధనమును కేటాయించెను. ఆ లిపిలో ఆయన నాటకమొకటి 1962లో అచ్చయినది. చదువువారు మాత్రము కరవైరి. కోట్లకొలది పుస్తకములు పాతవ్రాతలో నున్నపుడు కొత్తవ్రాత నేర్చిన బాలునికి తాతల పుస్తకములు మూసికొనిపోవును గదా! ఇదియే దిద్దుబాటునకు ముఖ్యమైన అడ్డు.

విద్యార్థులు చేయవలసిన పని

విద్యార్థులు ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, పైన చెప్పిన ఎనిమిది ఎఫ్ పదములను మొదటిపుటలో వ్రాయవలెను. తరువాతి పుటలలో ఐ చేరినవి, ఇ–ఐ చేరినవి, ఏ–యు చేరినవి, ఓ–యు చేరినవి వేర్వేరుగ అర్థములతో చేర్చవలెను. ప్రతిదినమును ఐదు పదములు చాలును. అర్థము తెలుగున వ్రాయవలెను. ఏలయన, పిండిముద్ద యనిన వంటయిల్లు కనబడును, కుడితి తొట్టి యనిన పశువులపాక కనబడును. కనబడినది మరపునకు రాదు. సంస్కృతమున చుట్టముండిన దానిని ప్రక్కన వ్రాయవలెను. ఒక సంవత్సరమున ఆ చిన్న పుస్తకము నిఘంటువు కంటె ప్రియమైన వస్తువగును.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆంగ్లము నేర్పవలదని ఎవరును చెప్పరు; నేర్వవలసినదే, బాగుగ నేర్వవలసినదే. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, తరగతిలో ఆంగ్లము అని మూడు భాషల బరువు పిల్లవాని మీద పడినదని చింతింపవలదు. కూతురు అను ఆంగ్లపదమున మూగవోయిన రెండు అక్షరములు ఏమి పలికెడివో దౌహిత్రుడను మాట ఎరిగినవానికి సులభముగ బోధపడును. మూఁడులోని అరసున్న ఏమి పలికెడిదో మూన్ఱు అను మాట ఎరిగినవానికి బోధపడును. ఒక భాష మరచినది మరియొక భాష జ్ఞాపకముంచుకొనుచున్నది. ఈ మూడింటిలో ఏ యొకదానిని పిల్లవానినుండి తీసివేసినను తక్కిన రెంటి బలము తరుగును. తెలుగు తరగతిలో ఆ పిల్లవాని స్థానమును ఖాళీచేయక నిలుపుట మన చేతిలో నున్నది.